బెజవాడలో ఐదు గంటలు

1941 అక్టోబరు. నరసరావుపేట రైల్వే స్టేషన్‌లో నేను బుకింగ్ క్లర్కుగా చేరి అప్పటికి నాలుగేళ్ళు. నా వయసు ఇరవై తొమ్మిది. గుంటూరు నుంచి వచ్చి వినుకొండ మీదుగా నల్లమల వైపు పోయే చిన్న లైను మాది. రోజుకు వచ్చే బండ్లు కొద్ది. బండికి గంట ముందు కిటికీ తెరిచేవాణ్ణి, బండి కదిలాక మూసేవాణ్ణి. ఆ మధ్య పొడుగాటి ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో కొందరు పేకాడేవారు, కొందరు కునుకు తీసేవారు. నేను టైం టేబుల్ చదివేవాణ్ణి.

బయటివాళ్ళకు ఇది నవ్వు తెప్పించే అలవాటు. రైల్వే టైం టేబుల్ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి, కొత్తగా అచ్చయ్యేది. ఒక బండి దిగి మరో బండి అందుకోవడాన్ని మేము కనెక్షన్ అంటాం. రెండు బండ్ల మధ్య అరగంట ఉంటే అది మంచి కనెక్షన్. మనం దిగేసరికి రెండోది వెళ్ళిపోయి ఉంటే చెడ్డ కనెక్షన్. ఆ పుస్తకంలోని అంకెలను ఒకదానికొకటి కలిపి, దూరపు ఊళ్ళకు దారి కట్టడంలో నాకు మంచి పేరుండేది. కాశీ వెళ్ళేవాళ్ళు, రామేశ్వరం వెళ్ళేవాళ్ళు, పొగాకు వ్యాపారులు నా దగ్గరికి వచ్చేవారు. పొడుగు కాగితం మీద ఎర్ర సిరాతో గళ్ళు గీసి, నల్ల సిరాతో వేళలు రాసి ఇచ్చేవాణ్ణి. "నీ కాగితం పట్టుకుని గుడ్డివాడు కూడా కాశీ పోయి రావచ్చోయ్" అనేవారు మా స్టేషన్ మాస్టరు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. తర్వాత మరెప్పుడూ దాన్ని ఇష్టంగా తలుచుకోలేకపోయాను.

నేను మాత్రం బెజవాడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సముద్రం చూడలేదు.

స్టేషన్ రోడ్డులో మస్తాన్ సాయిబు అనే ఆయనకు చిన్న అంగడి ఉండేది. పెట్రోమాక్సు లైట్లు బాగుచేయడం ఆయన పని. పెళ్ళిళ్ళకూ నాటకాలకూ లైట్లు ఆయనే పంపేవాడు. మా ప్లాట్‌ఫారం మీది లైట్లు మొరాయిస్తే ఆయన్నే పిలిచేవాళ్ళం. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. అయినా ఆయన్ని నేను నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను మీరు అనేవాడు. ఆ రోజుల్లో అది తప్పని నాకు తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య జాన్‌బీతో కలిసి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బాబూ, సముద్రం చూడాల. ఏ బండెక్కాలో చెప్పండి" అన్నాడు.

"ఏ సముద్రం?" అన్నాను నవ్వుతూ.

జాన్‌బీ ముందుకు వచ్చింది. "ఏందయ్యా, సముద్రాలు చానా ఉన్నయ్యా? ఉంటే మంచిదే ఒకటి చూసి రాయి."

"నువ్వుండవే" అని ఆమెను వెనక్కి నెట్టి, మస్తాన్ సాయిబు వేళ్ళు మడిచి చెప్పాడు. "బందరు. కాకినాడ. విశాఖపట్నం. భీమునిపట్నం. ఈ నాలుగూ చూడాల. నాలుగిట్లో ఒక్కో రాత్రి ఉండాల."

లైట్లు బాగుచేసే మనిషికి నాలుగు రేవులతో పనేమిటని అడిగాను. వాళ్ళ నాన్న ఓడల మీద ఖలాసీగా చేశాడట. మస్తాన్ సాయిబు చిన్నప్పుడు, నాన్న ఇంటికొచ్చినప్పుడల్లా రేవుల్లోని దీపస్తంభాల కథలు చెప్పేవాడట. దూరాన దీపం మెరిసి ఆరుతుంది, మళ్ళీ మెరుస్తుంది. ఆ మధ్య ఎంతసేపు పడుతుందో ఓడ మీదివాళ్ళు లెక్కపెడతారు. ఒక్కో రేవు దీపానికి ఒక్కో లెక్క.

"లెక్కబట్టి ఏ ఊరో చెప్పేవాళ్ళంట బాబూ. ఆ లెక్కలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. నేను చెయ్యని దీపం ఈ తాలూకాలో లేదు. ఆ దీపాలు మాత్రం చూళ్ళా."

"చూద్దువుగాని. తొందరేముంది?"

జాన్‌బీ చెప్పింది. "కళ్ళు పోతున్నయ్ బాబూ ఈయనకి. గుంటూరు డాక్టరు చెప్పాడు."

వేసవిలో ఆయనకు లైట్ల చుట్టూ రంగుల చక్రాలు కనబడడం మొదలైందట. లైటులోనే ఏదో లోపమనుకున్నాడు. "లోపల వెలిగే గుడ్డ జాలీ, మేంటిల్, కొత్తది వేశా. నూనె చిమ్మే నిపుల్ మార్చా, గ్లాసు మార్చా. ఎన్ని లైట్లు విప్పి బిగించానో నాకే తెలవదు. లైట్లు బానే ఉన్నయ్ బాబూ, పాడైంది నేను" అన్నాడు. డాక్టరు దాన్ని నీటికాసులు అన్నాడట. చూపు పక్కల నుంచి మూసుకొస్తుంది, గొట్టంలోంచి చూసినట్టవుతుంది, చివరికి అది కూడా పోతుంది. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు.

"ఈ వారంలోనే పోదామనుకుంటన్నాం. అంగడి మూసేసి పోటమే" అన్నాడు.

నేను ఆ మాటలన్నీ విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు. ఆయన గొంతు, జాన్‌బీ కిటికీ చువ్వ పట్టుకున్న తీరు ఇప్పటికీ గుర్తున్నాయి. కానీ నా మనసు అప్పటికే నాలుగు రేవుల మీదికి పోయింది. అంతవరకు నన్నెవరూ సముద్రం వెంబడి దారి అడగలేదు. బందరుకు ఒక లైను, కాకినాడకు సామర్లకోటలో మారాలి, విశాఖ దాకా పెద్ద లైను, భీమునిపట్నానికి అసలు రైలే లేదు, బస్సులో పోవాలి. నాకు పండగలా అనిపించింది.

"నాలుగు రోజులాగి రా. రాసి ఉంచుతాను" అన్నాను.

నాలుగు రోజులూ అదే పని. దూరపు ఊళ్ళకు మా దగ్గర అచ్చయిన అట్టముక్క టికెట్లు ఉండవు. బ్లాంక్ పేపర్ టికెట్ అని ఖాళీ గళ్ళున్న కాగితం మీద ఊరు, దారి, తేదీ చేత్తో రాసి ఇస్తాం. దారిలో దిగి ఆగితే దాన్ని బ్రేక్ జర్నీ అంటారు. దిగినచోట స్టేషన్ మాస్టరు టికెట్ వెనక సంతకం పెట్టాలి. ఎక్కడెక్కడ సంతకం పెట్టించుకోవాలో, ఏ ఊళ్ళో ప్రయాణికులు పడుకునే ముసాఫరుఖానా ఉందో, ఏ పెట్టెకు దగ్గర నీళ్ళ కుళాయి వస్తుందో కూడా కనుక్కుని రాశాను. పదకొండు రోజుల ప్రయాణం. కాగితం చూడముచ్చటగా వచ్చింది.

ఒక్క గడి దగ్గర మాత్రం నా కలం ఆగిపోయింది. మా బండి బెజవాడ చేరేసరికి బందరు బండి వెళ్ళిపోయి ఇరవై నిమిషాలవుతుంది. తర్వాతి బండికి ఐదు గంటలు. ఇరవై నిమిషాల తేడాతో ఐదు గంటల వెయిటింగ్! ఎర్ర గళ్ళ మధ్య ఆ అంకె నాకు అన్నంలో రాయిలా తగిలింది. ఎన్ని విధాలుగా తిప్పినా పోలేదు.

అదే వారం ఒక గార్డు మాటల మధ్య చెప్పాడు. ఏప్రిల్ టైం టేబుల్లో మా బండిని అరగంట ముందుకు జరుపుతారట. అంటే బందరు బండి అందుతుంది. నా మనసు తేలికపడింది.

మస్తాన్ సాయిబు వచ్చాడు. కాగితం చేతికిచ్చి గడులన్నీ వేలితో చూపించాను. ఆయనకు చదువు రాదు. అయినా కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని, "ఎంత అందంగా గీశారు బాబూ" అన్నాడు.

"తేదీ మాత్రం రాయలేదు. ఏప్రిల్‌లో పో. అప్పటికి బెజవాడలో మంచి కనెక్షన్ వస్తుంది. ఇప్పుడైతే ఐదు గంటలు ఊరికే కూచోవాలి. పైగా ఇవి తుఫాన్ల రోజులు" అన్నాను.

జాన్‌బీ ఊరుకోలేదు. "కూచుంటే ఏమైతది బాబూ? ఇక్కడ కూచోటల్లా? ఈయన పొద్దస్తమానం కూచునే గదా పన్జేసేది."

"నీకు తెలియదు. ఐదు గంటలంటే మాటలా? పిల్లా మేకా ఆ ప్లాట్‌ఫారం మీద..." అన్నాను.

"మాకు పిల్లా లేదు మేకా లేదు. మేమిద్దరమే."

"ఏమే, నువ్వు నోరు మూస్తావా మూయవా?" అన్నాడు మస్తాన్ సాయిబు. "బాబు చదువుకున్నోడు. మన మంచికే చెప్తన్నాడు. ఎనిమిది నెల్లో పదినెల్లో అన్నాడుగా డాక్టరు. ఏప్రిల్ ఎంతలో వస్తది?"

డాక్టరు ఎనిమిది నెలలనలేదు. ఆరు నెలలే కావచ్చన్నాడని ముందు ఆయనే చెప్పాడు. ఆ తేడా నాకు తెలిసింది. నేను సరిచేయలేదు. కాగితం చెడిపోకూడదని నాకు ఉంది. వచ్చే నెలలో గుంటూరు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరుకు దాన్ని చూపించాలని ఉంది. అప్పుడు నన్నెవరైనా అడిగితే ఆ ముసలి దంపతుల సుఖం కోసమే ఆగమన్నానని ప్రమాణం చేసి ఉండేవాణ్ణి. ఆ కాగితానికి ఒక నకలు తీసుకుని ఇన్‌స్పెక్టరుకు చూపించాను కూడా. ఆయన భుజం తట్టాడు.

డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగింది. సంక్రాంతి నాటికి తీరపు ఊళ్ళ జనం పెట్టే బేడా పట్టుకుని మా బండ్లలో దిగడం మొదలుపెట్టారు. సముద్రం మీంచి జపానువాడు వస్తాడని భయం. పేటలో ఖాళీ ఇల్లు దొరకలేదు. బందరు నుంచి వచ్చిన ఒక ఉప్పు వ్యాపారి నా కిటికీ దగ్గర నిలబడి, "రేవు దీపం ఆర్పేశారండీ. సాయంత్రం అయితే ఒడ్డంతా స్మశానమే" అని చెప్పాడు. నేను డేటింగ్ ప్రెస్, అంటే టికెట్ మీద తేదీ కొట్టే యంత్రం, మీద చెయ్యి ఉంచి అలాగే నిలబడిపోయాను.

జనవరి చివర్లో మా ప్లాట్‌ఫారం లైట్లకు కూడా మూతలు వేయమని ఉత్తరువు వచ్చింది. వెలుగు పైకి పోకుండా, కిందికి మాత్రం పడేలా రేకు టోపీలు. స్టేషన్ మాస్టరు మస్తాన్ సాయిబునే పిలిపించారు. ఆయన ఎండలో నిచ్చెన మీద నిలబడి, తలను అటూ ఇటూ బాగా తిప్పి చూసుకుంటూ, ఒక్కో లైటుకు టోపీ బిగించాడు. కింద నిచ్చెన పట్టుకున్నది జాన్‌బీ. నేను గదిలోంచి బయటికి వచ్చాను.

"బాబూ" అని పైనుంచే అడిగాడు, "సముద్రం ఒడ్డున దీపాలక్కూడా ఇట్టాగే మూతలేశారా?"

నాకు తెలుసు. ఉప్పు వ్యాపారి చెప్పి అప్పటికి పది రోజులు.

"తెలియదు" అన్నాను. "అవి ఓడల కోసం గదా. వాటినెందుకు మూస్తారు?"

ఆయన తల ఊపి మళ్ళీ మేకు కొట్టుకున్నాడు. జాన్‌బీ మాత్రం నిచ్చెన వదలకుండానే నా వైపు చూసింది. ఆ చూపు నుంచి తప్పుకోవడానికి, లోపల ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాను. నా వల్ల ఆలస్యమైందని ఒప్పుకోవడం కంటే ఒక చిన్న అబద్ధం తేలిక అనిపించింది. అబద్ధం చెప్పడానికి పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదని ఆ రోజు తెలుసుకున్నాను.

ఏప్రిల్ వచ్చింది. తీరం మీద బాంబులు పడ్డాయి. కొత్త టైం టేబుల్ కూడా వచ్చింది, పాత దానిలో సగం మందం. బండ్లు తగ్గించారు. మా బండిని అరగంట ముందుకు జరపలేదు సరిగదా, బందరు బండ్లలోనే ఒకటి తీసేశారు. నేను ఎదురుచూసిన కనెక్షన్ ఆ పుస్తకంలో లేదు. ఎప్పటికీ రాలేదు కూడా.

ఆ జూన్‌లో నన్ను వినుకొండకు బదిలీ చేశారు. వెళ్ళే రోజు మస్తాన్ సాయిబు అంగడి ముందు నుంచే జట్కా పోయింది. ఆయన బయటే కూచుని ఒక మేంటిల్‌ను కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు. నేను జట్కాలో వెనక్కి జరిగి కూచున్నాను. ఆయన నన్ను చూడకుండా ఉండడానికి అంత జాగ్రత్త అవసరం లేదని, ఆయనకు అంత దూరం చూపు ఆనడం లేదని, నాకు తట్టలేదు.

వినుకొండలో నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఎవరికీ దారి కాగితం రాయలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాణ్ణి. పేట వినుకొండకు ఎంతో దూరం కాదు. ఒక్క ఆదివారం వెళ్ళి ఆయన్ని చూసి రావచ్చు. వెళ్ళలేదు.

1946లో మళ్ళీ నరసరావుపేటకే వేశారు. చేరిన మూడో రోజు కాళ్ళీడ్చుకుంటూ అంగడికి వెళ్ళాను. మస్తాన్ సాయిబు తడక పక్కన గోనెపట్టా మీద కూచుని, వెలిగించిన లైటు మీద చెవి పెట్టి వింటున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. జాన్‌బీ పక్కన కూచుని సామాను అందిస్తోంది.

"ఎవురూ?" అన్నాడు.

నేను పేరు చెప్పకముందే జాన్‌బీ అంది, "మన టిక్కెట్టు బాబు. రావటానికి ఇప్పటికి తీరింది."

చూపు పూర్తిగా పోయి మూడేళ్ళయిందట. పని మాత్రం మానలేదు. వేళ్ళతో విప్పి, వేళ్ళతో బిగించి, వెలిగించాక బుస వినేవాడు. బుసను బట్టి గాలి తక్కువో ఎక్కువో, నిపుల్‌లో మసి ఉందో లేదో చెప్పేవాడు. "కళ్ళుండగా ఇంత బాగా చెయ్యలా బాబూ" అని నవ్వాడు.

జాన్‌బీ లేచి, సామాను పెట్టె అడుగు నుంచి మడత కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నా ఎర్ర గళ్ళు, నా నల్ల అక్షరాలు. కిరసనాయిలు వాసన.

"కాయితం బానే ఉంది బాబూ. చెద పట్టలా, సిరా చెరగలా" అంది. "కళ్ళే ఆగలా."

నాలుగేళ్ళుగా నేను తప్పించుకు తిరిగిన మాట అది. అరవలేదు, తిట్టలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడు దీపాలు మళ్ళీ వెలుగుతున్నాయి. నాకు సెలవుంది. మీరొస్తే నేను వెంట తీసుకెళ్తాను" అన్నాను. ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి. ఆయన గమనించాడో లేదో తెలియదు.

"ఇప్పుడు నేనేం చూస్తా బాబూ?"

"నే చూస్తా" అంది జాన్‌బీ. "నాకున్నయ్ గదా కళ్ళు. ఇన్నాళ్ళూ ఈయన సముద్రమే, ఈయన దీపాలే. నీకు చూడాలనుందా అని మీ ఇద్దర్లో ఒక్కడన్నా అడిగాడా నన్ను?"

మస్తాన్ సాయిబు లైటు ఆర్పేశాడు. "సరే, పోదాం. దీని నోరు మూయించటానికన్నా పోవాల" అన్నాడు.

ఈసారి కాగితం రాయలేదు. అక్టోబరు టైం టేబుల్లో కూడా బెజవాడలో ఐదు గంటలే ఉంది. అదే బండికి మూడో రోజునే బయలుదేరాం. వాళ్ళ టికెట్లు నేనే రాశాను. అన్నిటికంటే ముందు తేదీ రాశాను.

నేను అంత భయపడిన ఆ ఐదు గంటల గురించి చెప్పాలి. ప్లాట్‌ఫారం చివర ఒక చెట్టు నీడన దుప్పటి పరిచాం. జాన్‌బీ కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చి జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి విప్పింది. ఇద్దరూ నమాజు చేసుకున్నారు. మస్తాన్ సాయిబు పెద్ద లైను ఇంజనుకూ మా చిన్న లైను ఇంజనుకూ ఆవిరి చప్పుడులో తేడా చెప్పి, ఏది వస్తోందో ముందే పందెం కట్టి, నన్ను రెండుసార్లు ఓడించాడు. తర్వాత ఆయన తనంతట తానే మొదలుపెట్టాడు.

"మా నాయన ఆఖర్న పోయినప్పుడు నాకు పదేళ్ళు బాబూ. ఉప్పు ఓడ. మళ్ళా రాలా. ఎక్కడ మునిగిందో ఎవురూ చెప్పలా. బందరు దాటిందన్నాడొకడు, కాకినాడ దగ్గరన్నాడొకడు, ఇశాపట్నమన్నాడొకడు. భీమునిపట్నం దగ్గర చెక్కలు దొరికినయ్యంట, అవి ఆ ఓడవో కాదో."

నేను ఆయన వైపు తిరిగి కూచున్నాను.

"ఆయన ఆఖర్న చూసిన దీపం ఈ నాలుగిట్లో ఏదో ఒకటి గదా. అందుకని నాలుగూ అడిగా మిమ్మల్ని. నాలుగూ చూస్తే అదీ అందులో ఉంటది."

ఆ నాలుగు ఊళ్ళ పేర్లు నా కిటికీ దగ్గర వేళ్ళు మడిచి చెప్పినప్పుడు, ఆ నాలుగే ఎందుకని నేను రెండోసారి అడగలేదు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడు. బండ్లన్నీ కలిపాను గానీ మనిషిని అడగలేదు. మంచి కనెక్షన్ దొరికి ఉంటే ఆ ఐదు గంటలుండేవి కావు, ఈ మాట నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఇంకొకటి కూడా అక్కడే తెలిసింది. ఆ చెడ్డ కనెక్షన్ బండి బందరు చేరేది సాయంత్రం. జట్కాలో రేవుకు పోయేసరికి దీపం వెలిగించే వేళ అవుతుంది. నేను కోరుకున్న మంచి కనెక్షన్ అయితే మిట్టమధ్యాహ్నం దిగేవాళ్ళు. దీపం చూడ్డానికి పోయే మనిషికి ఆ ఐదు గంటలే సరైన వేళ. నా అంత తెలిసినవాడికి అది తోచలేదు.

బందరు రేవు దగ్గర దీపస్తంభం కాపలాదారు మొదట లోపలికి రానివ్వనన్నాడు. మస్తాన్ సాయిబు తన పని ఏమిటో చెప్పాడు. ఇద్దరూ కాసేపు మేంటిళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కాపలాదారు తానే ఆయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. నేనూ జాన్‌బీ వెనక నడిచాం. పైన దీపం కూడా పెట్రోమాక్సు వంటిదే. మేంటిల్, కిరసనాయిలు, గాలి. చుట్టూ మనిషంత ఎత్తు గాజు. కాపలాదారు స్పిరిట్ మంట పెట్టి వేడెక్కించి, గాలి కొట్టడం మొదలుపెట్టాడు. బుస లేచింది. మస్తాన్ సాయిబు తల వంచి విన్నాడు.

"ఇంకా పది కొట్టాల" అన్నాడు.

"కొడుతున్నానయ్యా, ఆగు! ఇరవై ఏళ్ళుగా కొడుతున్నాను" అన్నాడు కాపలాదారు. కొట్టాడు. బుస సన్నబడి, నిలకడగా ఒకే తీగలా సాగింది.

"ఆఁ, ఇప్పుడు పట్టింది" అన్నాడు మస్తాన్ సాయిబు. ఇద్దరూ నవ్వారు.

కిందికి దిగి ఇసుకలో కూచున్నాం. నేను సముద్రం చూడడం అదే మొదటిసారి. పడమటి వెలుగు పోయి నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. మస్తాన్ సాయిబు మొహం నీళ్ళ వైపు ఉంది. మాకు వెనకనుంచి దీపం వెలుగు వచ్చి, నీళ్ళ మీదికి పోయి, ఆరిపోయింది.

"వచ్చింది" అంది జాన్‌బీ. "పోయింది. ఒకటి... రెండు..."

ఆమె నెమ్మదిగా లెక్కపెట్టింది. ఆయన కూడా పెదవులు కదుపుతున్నాడు. "మళ్ళా వచ్చింది" అని ఆమె అన్నప్పుడు ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఆగారు.

"బందరు" అన్నాడు ఆయన. "మా నాయన అబద్ధం చెప్పలా" అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. నిచ్చెన మీద ఆయన అడిగిన రోజు నాకు తెలిసే తెలియదన్నానని చెప్పాను. అంతకుముందు ఏప్రిల్ దాకా ఆగమన్నది కూడా ఆయన కోసం కాదని, నా కాగితం అందం కోసమని చెప్పాను. క్షమించమని అడిగాను.

"ఆ రోజే తెల్సు బాబూ" అన్నాడు. "మీ గొంతులో తెల్సింది. మేకు కొట్టేటోడికి ఏది గుల్లో తెలవదా?"

"మరి ఎందుకు అడగలేదు?"

"అడిగి ఏం చేస్తా? దీపాలప్పటికే ఆర్పారు గదా."

క్షమించానని అనలేదు. క్షమించలేదనీ అనలేదు. జాన్‌బీ మాత్రం నీళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "మాట్లాడమాకండి. లెక్క తప్పుతన్నా" అంది.

మిగిలిన మూడు ఊళ్ళూ తిరిగాం. ప్రతిచోటా దీపం వెలిగే వేళకు ఒడ్డున ఉన్నాం. ప్రతిచోటా ఆమె లెక్కపెట్టింది, ఆయన ఊరి పేరు చెప్పాడు. కాకినాడలో మాత్రం నాన్న చెప్పిన లెక్క కుదరలేదు. దీపం మార్చి ఉంటారని అక్కడివాళ్ళన్నారు. ఆయన సరే అన్నాడు గానీ, ఆ రాత్రి రొట్టె ముట్టలేదు. భీమునిపట్నం ఒడ్డున చేతిలో ఇసుక తీసుకుని కాసేపు ఉంచుకుని, మళ్ళీ అక్కడే వదిలాడు. చూపు ఉండగా వచ్చి ఉంటే ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు. అది నేను ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నది, తిరిగి ఇవ్వలేనిది. ఆయన వెంట తిరిగినంత మాత్రాన అది తీరిందని నేను ఏనాడూ అనుకోలేదు.

ఆ తర్వాత నేను మళ్ళీ దారులు రాయడం మొదలుపెట్టాను. పద్ధతి మార్చుకున్నాను. ఎవరైనా కిటికీ దగ్గరికి వచ్చి ఫలానా ఊరికి దారి చెప్పమంటే, టైం టేబుల్ మూసి పక్కన పెట్టి, ఎందుకు పోతున్నారు అని అడిగేవాణ్ణి. ఎప్పటిలోగా పోవాలి అని రెండో ప్రశ్న. ఆ రెండూ విన్నాకే పుస్తకం తెరిచేవాణ్ణి. కొందరు విసుక్కునేవారు, కొందరు నీకెందుకయ్యా అనేవారు. అనిపించుకునేవాణ్ణి.

మస్తాన్ సాయిబు, జాన్‌బీ ఇద్దరూ ఇప్పుడు లేరు. నేను రాసిన ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఎప్పుడైనా తీసి చూస్తాను. నాలుగు ఊళ్ళు, పదకొండు రోజులు, ప్రతి గడీ నిండుగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. పైన ఎడమ మూల, ప్రయాణం తేదీ అని రాసిన చోట మాత్రం ఖాళీ.